ఒక్కరూ చావకుండా పదిహేను బాస్‌లు: టీమ్‌తో కష్టమైన అచీవ్‌మెంట్ కొట్టడం ఎలా

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో నాక్స్‌రమాస్ అని ఒక రెయిడ్ ఉంది, అంటే గుంపుగా వెళ్ళి బాస్‌లనే పెద్ద శత్రువుల్ని కొట్టే చోటు. ఆడేవాళ్ళందరూ ముద్దుగా నాక్స్ అంటారు. గాల్లో తేలే శవాల కోట, లోపల పదిహేను బాస్ ఫైట్లు. పది మందితో వెళ్ళి అన్నీ కొట్టేసి రావడం పెద్ద గొప్పేం కాదు, కాస్త గేర్, అంటే ఆయుధాలు కవచాలు, ఉన్న ఏ గుంపైనా చేసేస్తుంది. కానీ ఒకే వారంలో, ఏ బాస్ ఫైట్‌లోనూ టీమ్‌లో ఏ ఒక్కరూ చావకుండా ముగిస్తే పేరు పక్కన ‘ది అన్‌డయింగ్’ అనే టైటిల్ వచ్చేది. ఇరవై ఐదు మందితో చేస్తే ‘ది ఇమ్మోర్టల్’.

2008 నవంబరులో ఆ గేమ్‌కి రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ అనే అదనపు భాగం వచ్చినప్పటి అచీవ్‌మెంట్ ఇది. మామూలు గేమ్‌లో ఇక దొరకదు. 2022 సెప్టెంబరు 26న రాత్ క్లాసిక్, అంటే ఆ పాత గేమే మళ్ళీ, మొదలయ్యాక మాలాంటి వాళ్ళకు మళ్ళీ అవకాశం వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఉన్న పది మంది తెలుగువాళ్ళం యూరప్ సర్వర్‌లో మొదలుపెట్టాం. ఆరు వారాలు వరసగా పోగొట్టుకుని ఏడో వారం కొట్టాం.

ఆ ఆరు వారాల్లో తెలిసినదే ఇక్కడ రాస్తున్నాను. మీది వేరే గేమ్ కావచ్చు. డెస్టినీ 2లో ఆరుగురితో ఎవరూ చావకుండా చేసే ఫ్లాలెస్ రెయిడ్ కావచ్చు, బీజీఎంఐలో స్క్వాడ్‌తో కాంకరర్ ర్యాంకు కావచ్చు. బాస్‌ల పేర్లు మారతాయి, తిట్టుకునే పద్ధతి మాత్రం ఒకటే.

ముందు రూల్ చదవండి, అక్షరం అక్షరం

నవ్వకండి. మా పది మందిలో ఆరుగురు అచీవ్‌మెంట్ వివరణ పూర్తిగా చదవకుండానే మొదటి వారం వచ్చారు. అందులో ఉన్నది ఒక్క వాక్యం. ఆ వాక్యంలో మనకు పనికొచ్చేవి నాలుగున్నాయి.

లెక్కలోకి వచ్చేవి బాస్ ఫైట్‌లో జరిగిన చావులే. దారిలో ఎదురయ్యే చిల్లర గుంపుల దగ్గర, అంటే ట్రాష్ దగ్గర, ఎవరైనా చస్తే ఏమీ కాదు. ఇది తెలియక మొదటి వారం మా హీలర్ (మిగతావాళ్ళ గాయాలు మాన్పేవాడు) ఒకడు ట్రాష్‌లో చచ్చి, ‘సారీ గయ్స్, అయిపోయింది’ అని లాగవుట్ అయిపోయాడు. వాడికి ఫోన్ చేసి మళ్ళీ రప్పించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

రెండోది, ఒకే లాక్‌అవుట్‌లో అన్నాడు కానీ ఒకే రాత్రి అనలేదు. లాక్‌అవుట్ అంటే వారం. యూరప్‌లో బుధవారం రీసెట్. అంటే ఆదివారం సగం చేసి, అలసిపోతే మిగతాది సోమవారం చేసుకోవచ్చు.

మూడోది, పది మంది రెయిడ్‌కీ ఇరవై ఐదు మంది రెయిడ్‌కీ లాక్‌అవుట్‌లు వేరు. ఒకదాంట్లో ప్రాక్టీస్ చేసుకుని ఇంకోదాంట్లో అసలు ప్రయత్నం చేయొచ్చు. నాలుగోది బాధాకరమైనది. చచ్చినవాడిని ఫైట్ మధ్యలో లేపే స్పెల్ ఉంటుంది, దాంతో లేపినా లాభం లేదు. చచ్చాడంటే చచ్చినట్టే, ఆ వారం పోయినట్టే.

మీ గేమ్‌లో కూడా ఇలాగే చూడండి. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు, ఎంత టైమ్ ఉంది, ఎక్కడ ఊరికే ప్రాక్టీస్ చేసుకోవచ్చు. దీన్ని ఒక పేజీలో తెలుగులో రాసి గ్రూప్‌లో పిన్ చేయండి. ఇంగ్లీష్ లింకు పంపితే ఎవరూ తెరవరు. ఇది అనుభవం మీద చెప్తున్నాను.

కాలిక్యులేటర్ తీయండి

మొదటి వారం పోయాక మా ట్యాంక్, అంటే బాస్ దెబ్బలు తన మీద వేసుకునేవాడు, అన్నాడు, ‘ఏముంది అన్నా, ప్రతి బాస్‌నీ పదిసార్లకు తొమ్మిదిసార్లు ఎవరూ చావకుండానే కొడుతున్నాం కదా, వచ్చే వారం అయిపోతుంది’. వినడానికి బాగానే ఉంది. కానీ 0.9ని పదిహేనుసార్లు గుణిస్తే సుమారు 0.2 వస్తుంది. అంటే అయిదు వారాల్లో ఒక్కసారి. ప్రతి బాస్ దగ్గరా 95 శాతం భద్రంగా ఉన్నా మొత్తం మీద 46 శాతమే, బొమ్మా బొరుసా వేసినట్టు. అదే 99 శాతానికి తీసుకెళ్తే 86 శాతం అవుతుంది.

ఈ లెక్క చూశాక మా ప్లాన్ మొత్తం మారిపోయింది. అప్పటిదాకా ఎవరు ఎక్కువ డ్యామేజ్ కొట్టారని మీటర్ చూసుకునేవాళ్ళం. అది పక్కన పెట్టేశాం. తొంభైలో ఉన్న బాస్ ఏది, దాన్ని తొంభై తొమ్మిదికి ఎలా తేవాలి అన్నదే పని. పదిహేనులో పదకొండు బాస్‌ల దగ్గర మాకు దాదాపు ఎప్పుడూ ఎవరూ చావలేదు. మిగిలిన నాలుగిటి దగ్గరే అంతా ఉంది: హైగన్, థాడియస్, మెక్స్‌నా, చివరి కెల్‌థుజాద్. మీ గేమ్‌లో ఆ మూడు నాలుగు చోట్లు ఏవో పట్టుకోండి. మిగతావాటి గురించి గంటలు గంటలు వీడియోలు చూడటం టైమ్ వేస్టు.

మనుషులు: బాగా ఆడేవాళ్ళు కాదు, చెప్పగలిగేవాళ్ళు

సర్వర్‌లో టాప్ డ్యామేజ్ కొట్టే ఒక కుర్రాడిని మొదటి రెండు వారాలు తీసుకున్నాం. ఆట చూడముచ్చటగా ఉంటుంది. కానీ బాస్ రక్తం రెండు శాతంలో ఉన్నప్పుడు మంటలో నిలబడి ఇంకో స్పెల్ వేస్తాడు, హీలర్ చూసుకుంటాడులే అని. ఇలాంటి అచీవ్‌మెంట్‌కి అలాంటివాడు వద్దు. కోపంతో చెప్పడం లేదు, వాడు ఇప్పటికీ ఫ్రెండే. వాడికి స్పీడ్ రన్‌లు ఉన్నాయి, అక్కడ రాజు.

మాకు కావాల్సింది తప్పు చేస్తే వెంటనే చెప్పేవాళ్ళు, అంతకంటే ముఖ్యంగా రానిది రాదని ఒప్పుకునేవాళ్ళు. ఇది మనవాళ్ళకు కొంచెం కష్టం. పది మంది ముందు ‘నాకు ఇది అర్థం కాలేదు’ అనడం చిన్నతనంగా అనిపిస్తుంది. అందుకని గ్రూప్‌లో అడగకండి. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి: ‘ఏ బాస్ దగ్గర భయం? నిజం చెప్పు, ఎవరికీ చెప్పను’.

నేను మూడో వారం తర్వాత అలా అడిగాను, మొదటి వారమే అడగాల్సింది. వచ్చిన జవాబులు చదివి తల పట్టుకున్నాను. మా మేజ్ (మంత్రగాడి పాత్ర) కుర్రాడు హైగన్ డ్యాన్స్, అంటే అక్కడ పేలని చోటుకి వరసగా కదలడం, ఎప్పుడూ సరిగ్గా నేర్చుకోలేదట, ముందున్నవాడి వెనకాల పరిగెత్తుతూ రెండు నెలలుగా నెట్టుకొస్తున్నాడు. ట్యాంక్‌కి థాడియస్ ముందు వచ్చే జంప్ అంటే భయం. ఒక హీలర్ అయితే ‘అన్నా, ఫోర్ హార్స్‌మెన్ దగ్గర నేను ఎక్కడ నిలబడాలో ఇప్పటికీ తెలీదు, ఎవరో ఒకరు తిడితే కదులుతా’ అని రాశాడు.

ఇంకో మాట. పది మందికి పదకొండో మనిషిని పెట్టుకోండి. ఎవరికైనా జ్వరమో పెళ్ళో వస్తే వారం పోకూడదు. ఆ పదకొండో మనిషి బయట కూర్చుని మీరు ఆడేది వింటూ ఉంటాడు. అతన్ని మర్చిపోకండి, అతని సంగతి చివర్లో చెప్తాను.

టైమ్, కరెంటు, గోడకున్న పెట్టె

మొదట్లో సర్వర్ టైమ్ రాత్రి ఎనిమిదికి పెట్టాం, అందరూ అలాగే పెడతారని. యూరప్‌లో రాత్రి ఎనిమిదంటే శీతాకాలంలో మనకు పన్నెండున్నర. రెండున్నర గంటల రెయిడ్ అయ్యేసరికి మూడు. మొదటి మూడు వారాల్లో రెండు చావులు రాత్రి రెండు గంటలు దాటాక జరిగినవే. నాలుగో వారం నుంచి ఆదివారం సాయంత్రం ఎనిమిదికి మార్చాం, మన టైమ్ ప్రకారం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మధ్యాహ్నం మూడున్నర, లండన్‌లో రెండున్నర, దుబాయ్‌లో ఆరున్నర. అందరూ మెలకువగా ఉండే టైమ్ అది ఒక్కటే.

క్యాలెండర్ కూడా చూసుకోండి. డిసెంబరు 18 ఆదివారం ఎనిమిదికి రెయిడ్ అని నేను పోస్ట్ పెట్టిన నిమిషంలో నలుగురు ఒకేసారి ‘అన్నా, ఎనిమిదిన్నరకు ఫైనల్’ అన్నారు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్, అర్జెంటీనా, ఫ్రాన్స్. సోమవారానికి మార్చాం. ఆ మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్ళింది కాబట్టి మార్చకపోతే ఆ రాత్రి నేనూ రెయిడ్‌కి వెళ్ళేవాడిని కాదు.

ఇక మూడో వారం. నోత్ అనే సులువైన బాస్ దగ్గర నా వార్‌లాక్ చచ్చిపోయాడు. నేనేం తప్పు చేయలేదు, మా వీధిలో కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కానీ ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోయింది. తిరిగి లాగిన్ అయ్యేసరికి నా క్యారెక్టర్ నేలమీద ఉంది, వాయిస్ చాట్‌లో ఎవరూ మాట్లాడటం లేదు.

మర్నాడు కంప్యూటర్‌కీ వైఫై రౌటర్‌కీ యూపీఎస్ పెట్టాను. సరిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత మెయిన్ స్విచ్ ఆపి టెస్ట్ చేస్తే రౌటర్ లైట్లు వెలుగుతున్నాయి, నెట్ లేదు. గోడ మీద ఫైబర్ తీగ వచ్చి చేరే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది కదా, దానికి వేరే అడాప్టర్, అది మామూలు ప్లగ్‌లో ఉంది. దాన్ని కూడా యూపీఎస్‌కి కలిపాక గానీ పని కాలేదు. మీరు కూడా ఊహించుకుని వదిలేయకండి, మెయిన్ ఆపి చూడండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, లేకపోతే ఇంకో రకం బాస్ ఫైట్ మొదలవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కి కంప్యూటర్‌ని ఒకసారి ముందే కలిపి పెట్టుకుంటే అవసరమైనప్పుడు పాస్‌వర్డ్ వెతుక్కోనక్కర్లేదు.

భోజనం ముందే చేసేయండి. ఎనిమిదిన్నరకు తలుపు దగ్గర అమ్మ నిలబడి ‘చల్లారిపోతోంది’ అంటుంటే ఎవడూ సరిగ్గా ఆడలేడు.

వరుస: భయపడేది ముందు

నాక్స్‌లో నాలుగు వింగ్‌లు ఉంటాయి, ఏది ముందు చేయాలో మన ఇష్టం. నాలుగూ అయ్యాకే చివరి ఇద్దరి దగ్గరికి దారి తెరుచుకుంటుంది. అందరూ సాలెపురుగుల వింగ్‌తో మొదలుపెడతారు, అది తేలిక కాబట్టి. మేమూ అలాగే చేశాం. రెండు గంటలు కష్టపడి పదో బాస్ దగ్గర ఎవరో చస్తే ఆ రెండు గంటలూ బూడిదే.

తర్వాత తిప్పేశాం. ముందు ప్లేగ్ వింగ్, ఎందుకంటే అందులో రెండో బాస్ హైగన్. ఆ తర్వాత కన్‌స్ట్రక్ట్ వింగ్, దాని చివర థాడియస్. చావాల్సి ఉంటే మొదటి గంటలోనే చస్తాం. అప్పుడు అందరం ఫ్రెష్‌గా ఉంటాం, పోయినా పెద్దగా ఏడుపు రాదు. ఆ రెండూ దాటితే టీమ్‌కి ఒక ఊపు వస్తుంది.

మా హీలర్ దీన్ని ఒప్పుకోలేదు. మొదట నాలుగు తేలిక బాస్‌లు కొడితే చేతులు వేడెక్కుతాయని వాడి వాదన. అదీ తప్పు కాదు. అందుకే ఆదివారం ఏడున్నరకే వచ్చి, ట్రాష్ మీద పది నిమిషాలు చేతులు వేడెక్కించుకునేవాళ్ళం. ట్రాష్‌లో చావు లెక్కలోకి రాదుగా.

ఒక్కో చావుకీ ఒక్కో మాట

ఈ భాగం నెమ్మదిగా చదవండి, మా ఏడు వారాల్లో ఎక్కువ టైమ్ పోయింది ఇక్కడే.

హైగన్ గది నేలని నాలుగు పట్టీలుగా ఊహించుకోండి. ఒక పట్టీ తప్ప మిగతావన్నీ పేలుతుంటాయి. ఆ భద్రమైన పట్టీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ మూడు, రెండు, ఒకటి అని జరుగుతుంది. మొదట పది సెకన్లకోసారి, తర్వాత నలభై అయిదు సెకన్ల పాటు మూడేసి సెకన్లకు. ఇదే జనం చెప్పుకునే డ్యాన్స్. తెలిస్తే పిల్లలాట, తెలియకపోతే రెండు అడుగులకే శవం.

మా మేజ్ కుర్రాడు ముందున్నవాడి వెనకాల పరిగెత్తేవాడని చెప్పాను కదా. అందులో తిరకాసు ఏమిటంటే, మన స్క్రీన్ మీద ముందున్నవాడు కనిపించేది కొంచెం ఆలస్యంగా. బెంగళూరు నుంచి యూరప్ సర్వర్‌కి పింగ్, అంటే సిగ్నల్ వెళ్ళి వచ్చే టైమ్, 150 మిల్లీసెకన్లు దాటి ఉంటుంది. వాడు కదలడం చూసి మనం కదిలితే ఆ ఆలస్యం మన మీదే పడుతుంది. చూసి కదలకూడదు, లెక్కపెట్టి కదలాలి. అందుకని వాడిని వారం మధ్యలో ఇరవై అయిదు మంది రెయిడ్‌కి, ఎవరో తెలియని గుంపుతో పంపించాం. మూడుసార్లు చచ్చాడు. నాలుగోసారి ఆ గుంపులో చివరిదాకా నిలబడ్డ ముగ్గురిలో ఒకడయ్యాడు. స్క్రీన్‌షాట్ పంపాడు, కింద ఒక్క మాట: ‘వచ్చేసింది’.

థాడియస్ ఇంకో రకం. అతను మనందరికీ ప్లస్ లేదా మైనస్ ఛార్జ్ పెడతాడు. ప్లస్‌లు ఒక పక్క, మైనస్‌లు ఒక పక్క నిలబడాలి. అర నిమిషానికోసారి ఛార్జ్‌లు మార్చేస్తాడు. తప్పు పక్కన ఒక్కడు ఉంటే వాడితోపాటు చుట్టూ ఉన్నవాళ్ళూ కాలిపోతారు. రెండో వారం మా దగ్గర జరిగింది ఇదే. ప్లాన్ ‘ప్లస్ కుడి, మైనస్ ఎడమ’. ఎవరి కుడి? ట్యాంక్ ఒక దిక్కుకు, మేమంతా ఇంకో దిక్కుకు చూస్తున్నాం. నిలబడే చోటు ట్యాంక్‌కి అటు, మాకు ఇటు అయ్యింది. ఒక్క సెకను తటపటాయింపు, ముగ్గురు చచ్చారు.

ఆ తర్వాత మాట మార్చాం. ‘కుడి అంటే థాడియస్ వీపు చూస్తూ నిలబడ్డవాడి కుడి చెయ్యి’ అని రాసి పెట్టుకున్నాం. ట్యాంక్ ఒక కాగితం మీద ప్లస్ అని రాసి మానిటర్‌కి తన ఎడమవైపు అతికించుకున్నాడు. పిచ్చిగా ఉంటుంది కానీ ఆ తర్వాత అక్కడ ఎవరూ చావలేదు. మీ గేమ్‌లో కూడా ‘అటు’, ‘ఇటు’, ‘ఆ పక్క’ అనే మాటలు పూర్తిగా మానేయండి. ‘మెట్ల వైపు’, ‘నీలం బిల్డింగ్’ లాంటివి వాడండి.

మెక్స్‌నా పెద్ద సాలెపురుగు. నలభై సెకన్లకోసారి అందర్నీ గూడుతో కట్టేస్తుంది, ఆరు సెకన్లు ఎవరూ కదల్లేరు, హీల్ కూడా చేయలేరు. రక్తం ముప్ఫై శాతానికి పడితే రెచ్చిపోయి గట్టిగా కొడుతుంది. ఈ రెండూ ఒకేసారి వస్తే ట్యాంక్ బతకడు. ఆరో వారం సరిగ్గా అదే జరిగింది, మేము మరీ జోరుగా కొట్టాం. మందు చాలా చిన్నది: ముప్ఫై అయిదు దగ్గర అందరూ ఆపేయాలి, గూడు పడి పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి, అప్పుడు ఒక్కసారిగా మొదలుపెట్టాలి. ఆపడం నేర్పడం ఎంత కష్టమో! స్క్రీన్ మీద అంకెలు పెరుగుతుంటే వేలు తీయడానికి మనసు రాదు.

వాయిస్‌లో ఇద్దరే

పది మందీ మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. ఫైట్ మొదలయ్యాక మాట్లాడేది ఇద్దరు: రెయిడ్ లీడర్, ఒక హీలర్. మిగతావాళ్ళు తమ మీద ఏదైనా పడితే మాత్రం తమ పేరు, రెండు మాటలు. గ్రాబ్యులస్ అనే బాస్ దగ్గర ఒంటి మీద ఇంజెక్షన్ పడినవాడు ‘మేజ్, నా మీద, గోడకి వెళ్తున్నా’ అంటే చాలు. ‘అయ్యో, నాకే పడింది, ఛ, మళ్ళీ నాకే’ అనేలోపు విషపు మేఘం అందరి మధ్యలో పేలుతుంది.

తిట్లు ఉండకూడదని పెద్దగా రూల్ ఏం పెట్టలేదు. ‘ఒరేయ్’ అనుకునేంత చనువు ఉన్నవాళ్ళమే. కానీ బాస్ కిందపడే దాకా వద్దు అనుకున్నాం, కిందపడ్డాక మీ ఇష్టం.

చచ్చాక ఏం చేయాలి

ఎవరో చస్తారు. తప్పదు. అప్పుడు ఇద్దరు ముగ్గురు వెంటనే వెళ్ళిపోవాలని చూస్తారు, ‘ఇక ఈ వారం లాభం లేదు’ అని. వెళ్ళనివ్వకండి. వారం పోయింది కాబట్టే మిగతా రాత్రి ఊరికే ప్రాక్టీస్ చేసుకోవచ్చు. మామూలుగా భయపడి చేయని పనులు అప్పుడు చేసి చూడండి. మేము చచ్చాక థాడియస్ దగ్గర కావాలని ఛార్జ్ మారే సమయంలో జంప్‌లు వేసి చూశాం, మెక్స్‌నా దగ్గర ఎంత శాతంలో ఆపితే సరిపోతుందో లెక్క చూసుకున్నాం. ముప్ఫై అయిదు అన్న అంకె అలా వచ్చిందే. లూట్, అంటే బాస్‌లు పడ్డాక వచ్చే సామాన్లు, ఎలాగూ దొరుకుతుంది.

చచ్చినవాడితో ఆ రాత్రి మాట్లాడకండి, పడుకోనివ్వండి. మర్నాడు వార్‌క్రాఫ్ట్ లాగ్స్ అనే వెబ్‌సైట్‌లో ఆ ఫైట్ రికార్డు తెరవండి. ఎవరు ఏ సెకనులో దేనివల్ల చచ్చారో వరసగా కనిపిస్తుంది. ఒకే ఒక్క వాక్యం రాయమనండి, చచ్చినవాడినే. ‘నేను తప్పు చేశాను’ అని రాస్తే తిప్పి పంపండి, దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఎడమకి వెళ్ళాలనుకున్నా, ట్యాంక్ దారికి అడ్డంగా ఉన్నాడు’ అని రాస్తే పనికొస్తుంది. దానికి మందు ఉంటుంది.

కెల్‌థుజాద్, నాలుగు శాతం

అయిదో వారం, ఫైనల్ మర్నాడు, సోమవారం. పద్నాలుగు బాస్‌లు శుభ్రంగా దాటాం. సఫిరాన్ అనే మంచు డ్రాగన్ దగ్గర అందరూ మంచు గడ్డల వెనక సరిగ్గా దాక్కున్నారు. మిగిలింది ఒక్కడే.

కెల్‌థుజాద్ అప్పుడప్పుడూ ఒకరిని మంచులో బిగిస్తాడు. ఆ మనిషికి సెకనుకి ఇరవై ఆరు శాతం చొప్పున నాలుగు సెకన్లు రక్తం పోతుంది. కలిపితే 104, అంటే నిండుగా ఉన్నవాడు కూడా హీల్ పడకపోతే చస్తాడు. పది గజాల్లోపు ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ బిగుసుకుంటారు.

బాస్ రక్తం నాలుగు శాతం. అందరికీ కనిపిస్తోంది. మా మేజ్ కుర్రాడు ఆనందంలో రెండు అడుగులు ముందుకు వేశాడు, ఎందుకో వాడికే తెలీదు. అదే క్షణంలో పక్కనున్న రోగ్ (కత్తులతో కొట్టే పాత్ర) మీద మంచు పడింది. ఇద్దరూ బిగుసుకున్నారు. ఇద్దరు హీలర్లూ రోగ్‌నే హీల్ చేశారు, ఎందుకంటే ముందు కనిపించింది వాడే. రోగ్ బతికాడు. మేజ్ చచ్చిన మూడు సెకన్లకు కెల్‌థుజాద్ కిందపడ్డాడు. వాయిస్‌లో ఎవరో ‘కొట్టేశాం!’ అని అరిచి, మళ్ళీ ఆపేశారు.

తర్వాత చేసిన మార్పులు రెండే. ఒకటి, హీలర్లకు మనుషుల్ని పంచేశాం: మొదటి అయిదుగురు ఒకరికి, మిగతా అయిదుగురు ఇంకొకరికి. తన గుంపులోవాడు బిగుసుకుంటే తనే చూడాలి, అవతలివాడు పోతున్నా చూపు తిప్పకూడదు. ఒక హీలరే బిగుసుకుంటే రెండోవాడు ముందు అతన్ని హీల్ చేయాలి. రెండు, బాస్ పది శాతానికి వచ్చాక శాతం ఎవరూ పైకి చెప్పకూడదు. కొత్తగా ఏదీ చేయకూడదు, కాలు కదపకూడదు. ఏడో వారం, జనవరి 1 ఆదివారం, చివరి పది శాతం మా వాయిస్‌లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. టైటిల్ వచ్చినట్టు పసుపు రంగు బాక్స్ వచ్చింది, అయినా ఒక అర నిమిషం ఎవరూ నమ్మలేదు.

పదకొండో మనిషి

టైటిల్ వచ్చాక చాలా టీమ్‌లు విడిపోతాయి. మీరు వెళ్ళిపోకండి, ఇన్ని వారాలు బయట కూర్చున్నవాడి కోసం ఇంకోసారి వెళ్ళండి. మా పదకొండో మనిషి విజయవాడ కుర్రాడు, గేమ్‌లో ప్రీస్ట్. వాడు నాలుగు వారాలు లోపలికి రాకుండా వాయిస్‌లో కూర్చుని హైగన్ డ్యాన్స్ నంబర్లు లెక్కపెట్టేవాడు.

జనవరి 8న వాడిని తీసుకుని వెళ్ళాం. హైగన్ గదిలో ఒకరు చచ్చారు. ఈ వ్యాసం అంతా రాసిన నేనే. మూడులో నిలబడాల్సినవాడిని నాలుగులో నిలబడ్డాను, ఏమనుకుంటున్నానో ఇప్పటికీ తెలీదు. వాడు ‘పర్లేదన్నా, మూడు నుంచి నాలుగుకి వెళ్ళే దగ్గరే అందరూ పడతారు’ అన్నాడు, ఓదార్పుగా.

2023 జనవరి 19న ఉల్దువార్ అనే తర్వాతి రెయిడ్ రాబోతోంది, అది వచ్చాక నాక్స్‌కి ఎవరూ రారని తెలుసు. మిగిలింది ఒక్క వారం. ఆ ఆదివారం 15, సంక్రాంతి. సగం మంది ఊళ్ళలో ఉన్నారు. 17 మంగళవారం రాత్రి, రీసెట్‌కి ముందు చివరి రాత్రి, తొమ్మిది మంది దొరికాం. పదో మనిషి కోసం ఫోన్లు చేస్తూ చేస్తూ చివరికి మేము రెండో వారం తర్వాత వద్దన్న ఆ టాప్ డ్యామేజ్ కుర్రాడినే పిలిచాం. వాడు ఆ రాత్రి ఒక్కసారి కూడా మంటలో నిలబడలేదు. కెల్‌థుజాద్ పడేసరికి మన టైమ్ ఒంటి గంట దాటింది. విజయవాడ కుర్రాడు టైటిల్ పెట్టుకుని గేమ్‌లోని డలరాన్ నగరం మధ్యలో గుర్రం మీద అరగంట అలా నిలబడ్డాడు, వచ్చేపోయేవాళ్ళు చూస్తారని. మర్నాడు ఆఫీసు ఉన్నా మేమూ పక్కన నిలబడ్డాం.